ఫ్యాను దూలం ఎవరిది?

పోయిన వారం మన దర్జీని వాళ్ళ బావ ఇంటి గుమ్మం ముందు ఎండలో నిలబెట్టి వదిలేశాం. వారమంతా అలాగే మాడిపోయాడేమోనని బెంగపడకండి. మనకి వారం గడిచింది, అతనికి గడిచింది గడియసేపు. లోపల ఉన్నది గడియారాలు బాగుచేసే బావ. గోడల మీద గడియారాలన్నీ టిక్కుటిక్కుమంటున్నాయి. తలుపు గడియ మాత్రం కిక్కురుమనలేదు.

నిన్నగాక మొన్న ఈ సీరియల్లోకి అడుగుపెట్టినవాళ్ళకి రెండు ముక్కలు. ఊళ్ళో ఎనిమిదిళ్ళ సోదర సమాజం అని ఒకటుంది. తాతల కాలంలో ఎనిమిది పనులు చేసుకునే ఎనిమిదిళ్ళవాళ్ళు ఇకనుంచి మనం అన్నదమ్ములం అని ఒట్టేసుకుని, సొంత చేతుల్తో ఒక హాలు కట్టుకున్నారు. ఆ హాలు ఆవరణలో ఒక గదిలో దర్జీ కుట్టుమిషను, పక్కగదిలో దర్జీ కాపురం. ఇప్పుడా హాలు కప్పులో ఒక దూలానికి పట్టిన చెద ముదిరిపోయింది. శనివారం మధ్యాహ్నంలోగా దానికి ఊతం పెట్టకపోతే హాలుకి తాళం వేసి కూలగొట్టిస్తామని టౌను ఆఫీసు ఇంజనీరమ్మ నోటీసు అంటించింది. నోటీసు చూసి అందరికీ నోట మాట పోయింది. ఇవాళే శనివారం. ఆ దూలమేమో బావది. బావనేమో సమాజం ఏనాడో తీసిపారేసింది. తీసిపారేస్తూ నిండుసభలో తీర్మానం చదివినవాడు స్వయానా బావమరిది, అంటే మన దర్జీ. సమాజం కార్యదర్శి కూడా అతనే కదా. తీరూ లేదు, మానమూ లేదు, తీర్మానం మాత్రం ఉంది.

గొళ్ళెం చప్పుడైంది. తలుపు తీసింది అక్క.

తీర్మానం చదివిన రోజు నుంచి అక్క తమ్ముడితో మాట్లాడలేదు. ఇప్పుడూ మాట్లాడలేదు. అతన్ని ఒకసారి ఎగాదిగా చూసి, తలుపు తెరిచి ఉంచి, లోపలికి వెళ్ళిపోయింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. దర్జీ జీవితంలో ఎన్నో కొలతలు తీసుకున్నాడు గానీ, ఆ చూపు లోతు ఎంతో కొలిచే టేపు అతని మెళ్ళో లేదు.

బావ కంటికి భూతద్దం బిగించుకుని ఒక చేతిగడియారం కడుపులోకి చూస్తున్నాడు. తలెత్తలేదు.

"ఎవరూ?"

"నేనే బావా."

"నేనే అంటే? నాకో బావమరిది ఉండేవాడు. తీర్మానం చదివాడు, నా లెక్కలో ఆ రోజే తీరిపోయాడు."

"బావా, ఆ దూలం..."

"ఎవరి దూలం?"

"మీదే."

"అబ్బ! నాదే?" బావ భూతద్దం తీశాడు. "నన్ను అడక్కుండా దానికి కన్నం పొడిచి ఫ్యాను తగిలించినప్పుడు అందరిదీనా? చెద పట్టగానే నాదా? వేస్తే ఎనిమిది దూలాలకీ ఎనిమిది ఫ్యాన్లు వెయ్యండి, లేదంటే విసనకర్రలతో విసురుకుందాం, అంతేగానీ ఒక్కడి నెత్తిమీదే బరువెందుకు అన్నాను. తప్పా?"

"తప్పు కాదు బావా."

"ఆ రోజు ఈ మాట అనలేదేం?"

దర్జీకి చెప్పాలనుంది. హాలు పోతే మిషను ఏ చెట్టు కింద పెట్టుకోవాలో తెలియదని, ఇద్దరు పిల్లల పక్కలు ఎక్కడ పరవాలో తెలియదని, భార్య అప్పుడే పెట్టెలు సర్దుతూ ప్రతి పెట్టెనీ గట్టిగా మూస్తోందని. నోట్లో గుండుసూదులు పెట్టుకుని పనిచేసే అలవాటు వల్ల కాబోలు, ఆ వేళ నోట్లో సూదులు లేకపోయినా మాట గుచ్చుకుంది, బయటికి రాలేదు.

అప్పుడు అక్క లోపల్నుంచి చెప్పుల జత తెచ్చి బావ కాళ్ళ ముందు పెట్టింది. పెట్టి, తను కూడా చెప్పులేసుకుంది.

బావ ఆ చెప్పుల వంక చూశాడు, పెళ్ళాం వంక చూశాడు. "గడియారాలు బాగుచేస్తాను గానీ ఈ ఇంట్లో టైము నా చేతిలో లేదు," అని లేచాడు.

*

హాలుకి వెళ్ళేలోపు ఆ హాలు సంగతి కాస్త చెప్పుకోవాలి. చెప్పకపోతే లోపల జరగబోయేది కోతికొమ్మచ్చిలా కనిపిస్తుంది.

కట్టినవాళ్ళకి ఒకటే భయం. అన్నదమ్ములమని ఒట్టయితే వేసుకున్నారు గానీ, అన్న ఎవరు, తమ్ముడు ఎవరు? ముందు కూర్చునేవాడెవడు, వెనక కూర్చునేవాడెవడు? అందుకని హాలుకి ముందూ వెనకా లేకుండా కట్టారు. గుండ్రంగా కడదామనుకున్నారు గానీ ఇటుక వంగనంది. సరే, ఎనిమిది పలకలుగా కట్టారు. పలకకో ఇల్లు. ఏ గోడ చూసినా అదే వెడల్పు, అదే కిటికీ, అదే సున్నం. వేదిక లేదు, పెద్దకుర్చీ లేదు. స్తంభం అసలే లేదు. స్తంభం వెనక కూర్చున్నవాడికి సగం సభే కనిపిస్తుంది, సగం సభ కనిపించేవాడు సగం సోదరుడే అన్నారట.

మరి స్తంభం లేకుండా అంత కప్పు నిలిచేదెలా? ఆ ఎనిమిదిమందిలో ఒక వడ్రంగి ఉన్నాడు. అతని తలకాయలో పుట్టింది ఈ కప్పు. ప్రతి దూలం పాదం దాని గోడలో ఉంటుంది. తల పక్క దూలం భుజం మీద ఉంటుంది. దాని తల దాని పక్కదాని భుజం మీద. ఇలా ఒకటి మీద ఒకటి వాలుకుంటూ చుట్టూ తిరిగి, ఎనిమిదోదాని తల వచ్చి మొదటిదాని భుజం మీదే ఆగుతుంది. నడిమధ్యన చిన్న ఎనిమిది పలకల ఖాళీ. దానికి అద్దం బిగించారు. ఎండ అందులోంచి సభ నడినెత్తిన పడుతుంది. అన్నీ మోసేవే, అన్నీ మోయించుకునేవే. పెత్తనం దేనికీ లేదు.

కట్టేటప్పుడు మొదటి దూలానికి ఆనేందుకు పక్క దూలం లేదు కాబట్టి మధ్యలో ఒక దుంగ నిలబెట్టారు. ఎనిమిదో దూలం ఎక్కాక దుంగ లాగేశారు. లాగుతూ ఎనిమిదిమందీ కళ్ళు మూసుకున్నారట. కళ్ళు తెరిస్తే కప్పు పైనే ఉంది. ఆ దుంగని అక్కడే కాల్చేసి, ఆ వెలుగులో ఒట్టేసుకున్నారు: ఈ కప్పు కింద మళ్ళీ ఏ స్తంభమూ నిలవకూడదు. తప్పనిసరై నిలబెట్టాల్సి వస్తే, ఆ దూలం ఇంటివాడు స్వయంగా నోరు తెరిచి అడగాలి, మిగతా ఏడుగురూ ఔననాలి.

ఒట్టు బాగుంది, కట్టు బాగుంది. ఒక్క చిక్కు. ఏ ఒక్కటి పుచ్చినా ఎనిమిదీ కూలతాయి. అన్నదమ్ముల పొత్తంటే అంతేగా.

ఏడాదికోసారి ఎవరి దూలానికి వాళ్ళు నూనె పట్టించాలి. పరాయివాడి దూలం ముట్టుకోవడమంటే పరాయివాడి జేబులో చెయ్యి పెట్టినట్టే. ఫ్యాను గొడవ తర్వాత బావ రావడం మానేశాడు. ఆ దూలం ఎండింది, బీటలిచ్చింది, చెదలొచ్చి కాపురం పెట్టాయి. పక్క దూలానికి నూనె పట్టిస్తూ దర్జీ ప్రతి ఏడూ దానివంక చూసి, "మనిషికి పౌరుషం ఉంటే సరిపోదు, దూలం మీద మమకారం ఉండాలి," అని నలుగురూ వినేట్టు అనేవాడు. దూలం ఎవరిదైనా ఆ దూల మాత్రం అతనిదే.

*

హాల్లో ఎనిమిదిళ్ళవాళ్ళూ చేరారు. పైన కప్పు కూలేట్టుంది, కింద కప్పుల్లో టీ చల్లారుతోంది. ఎవరూ తాగడం లేదు. ఇంజనీరమ్మ తలమీద పసుపు టోపీ పెట్టుకుని, చేతులు నడుం మీద పెట్టుకుని పైకి చూస్తోంది. దూలం కింద ఊతంగా నిలబెట్టే స్టీలు జాకీలు బయట వ్యానులో ఉన్నాయి.

"ఎవరండీ ఓనరు? వచ్చారా? అమ్మయ్య. సార్, మీరు అడగండి, వీళ్ళు ఔనంటారు, మా కుర్రాళ్ళు అరగంటలో జాకీలు బిగిస్తారు. గోడలో ఉన్న కొస మొత్తం పిండైపోయింది. ఒకసారి అడిగెయ్యండి, ఇంటికెళ్ళి భోంచేద్దాం."

ఆవిడ మంచి మనిషి. నోటీసు అంటించిన చేత్తోనే జాకీలు కూడా తెచ్చింది.

పెద్దన్న గుమ్మం పక్కనే నిలబడి ఉన్నాడు. ఎనిమిదిమందిలో వయసులో పెద్ద కాబట్టి అందరికీ పెద్దన్న. తాళాల ఇంటి మనిషి. ఎన్ని తాళాలైనా తీస్తాడు గానీ ఒక్క మాటా తాళలేడు. అలాంటివాడు ఇవాళ మెత్తగా అన్నాడు. "రావయ్యా. తీర్మానం సంగతి తర్వాత చూసుకుందాం. ముందు అడుగు."

"అడుగుతాను," అన్నాడు బావ. "నా దూలాన్ని నేను చూసుకుని అడుగుతాను. గడియారం మూత తియ్యకుండా జబ్బు చెప్పే అలవాటు నాకు లేదు."

"సార్, ఎక్కకండి. పొద్దుటి నుంచి కొద్దికొద్దిగా దిగుతోందది," అంది ఇంజనీరమ్మ.

"పదకొండేళ్ళుగా దిగుతోందమ్మా. ఇంకో అయిదు నిమిషాలు ఆగలేదా?"

నిచ్చెన దూలం కొసన గోడకి ఆనించి ఉంది. బావ ఎక్కాడు. నిచ్చెన కొనలు దూలం అడుగుకి జానెడు కిందున్నాయి. పైకెళ్ళి జేబులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి, దూలం పాదం దగ్గర గీకడం మొదలుపెట్టాడు. తరాల నూనె ఎండి, నల్లగా కరుడుగట్టి, అట్టలా లేస్తోంది.

"ఏం వెతుకుతున్నారు బావా?" అన్నాడు దర్జీ కిందనుంచి.

"మా తాత పెట్టిన గుర్తు. కట్టినప్పుడు ఎవరి దూలం పాదం మీద వాళ్ళ పనిముట్టు చెక్కుకున్నారని మా నాన్న చెప్పేవాడు. మాది గడియారం ముళ్ళు. ఆ కొస పోయేముందు ఒకసారి చూద్దామని."

ఇంకో అట్ట ఊడింది. బావ చెయ్యి ఆగింది. బొటనవేలితో తుడిచాడు. భూతద్దం తీసి కంటికి పెట్టుకున్నాడు. ఎంతకీ దించలేదు. గడియారాలవాడు అంతసేపు ఆగిపోతే చూసేవాళ్ళకి కంగారేస్తుంది.

"బావమరిదీ," అన్నాడు చివరికి. గొంతులో ఎకసెక్కెం లేదు. "ఇక్కడున్నది కత్తెర."

కత్తెర ఎవరి గుర్తో చెప్పక్కర్లేదు. అందరూ దర్జీ వంక చూశారు. దర్జీ తన చేతివంక చూసుకున్నాడు, కత్తెర అక్కడే ఉందేమో అన్నట్టు.

పెద్దన్న తెప్పరిల్లాడు. "అడ్డదిడ్డంగా రెండు గీతలుంటే కత్తెరేనా? గడియారం ముళ్ళు కూడా రెండే."

"గడియారం ముళ్ళకి వేళ్ళు దూర్చే కన్నాలుండవు పెద్దన్నా. చక్కగా రెండు కన్నాలు చెక్కాడు వీళ్ళ తాత." బావ పైనుంచే హాలంతా ఒకసారి కలియజూశాడు, గుమ్మం దాకా. "లెక్క ఎక్కణ్ణుంచి పెడతాం మనం?"

"గుమ్మం నుంచి," అన్నాడు ప్రెస్సాయన. అచ్చాఫీసు ఇంటి మనిషి, దర్జీ తర్వాత ఇల్లు వాళ్ళది. "గుమ్మం మీదది పెద్దన్నది. కుడికి రెండోది మీది. మూడోది దర్జీది. నాలుగోది నాది. చిన్నప్పటి నుంచీ అంతే."

"ఏ గుమ్మం నుంచి?"

ఒక్కొక్కళ్ళ మొహంలో నెమ్మదిగా తెలివి దిగింది. సెలైను బాటిల్లో చుక్కల్లా.

ఫ్యాను గొడవకి చాలా ముందు, రోడ్డు వెడల్పు చేసినప్పుడు పాత గుమ్మం ముందుకి కాలవ వచ్చింది. దాన్ని ఇటుకలతో మూసేసి, కుడిపక్క గోడలో కొత్త గుమ్మం తెరిచారు. ఆ పనితో ఏడాదిన్నర హాలు మూతపడింది. మళ్ళీ తెరిచిన రోజు అందరూ కొత్త గుమ్మంలోంచి వచ్చి, అలవాటు ప్రకారం నెత్తిమీదది మొదటిదని లెక్కపెట్టుకుని, ఎవరి దూలం కిందికి వాళ్ళు చక్కా వెళ్ళి కూర్చున్నారు. ఇంకో చోట అయితే ఎవడో ఒకడు కనిపెట్టేవాడు, మా వైపు గోడ పొట్టిదనో, మా కిటికీ పెద్దదనో. ఇక్కడ తాతలు ఎంత సమానంగా కట్టారంటే, మనవలు ఒక గోడ పక్కకి జరిగినా ఎవరికీ తేడా తెలియలేదు. తేడా లేకుండా కట్టడంలో ఉన్న తేడా అది.

"అంటే," ప్రెస్సాయన వేలు పైకెత్తి, ఒక దూలం నుంచి ఇంకో దూలానికి జరుపుకుంటూ పోయాడు, "ఇన్నేళ్ళూ దర్జీ నూనె పట్టించింది నా దూలానికా?"

"అందుకే మీది నిగనిగలాడుతోంది," అన్నాడెవరో.

"మరి నేను పట్టించింది ఎవరికి?"

"తర్వాతవాడికి."

"వాడు కనీసం థాంక్స్ కూడా చెప్పలేదే!"

నవ్వు వచ్చినంత వేగంగా పోయింది. దర్జీ నవ్వలేదు. అతనికి తీర్మానం గుర్తొచ్చింది. మాటలు తనే ఏరికోరి కుట్టాడు, కుట్టు కనపడకుండా. 'తన ఇంటి దూలాన్ని చెదలపాలు చేసి సోదర ధర్మాన్ని మంటగలిపిన ఇతను' అని. చదువుతుంటే చప్పట్లు కూడా కొట్టారు. ఆ దూలం తన తాతది. ఫ్యాను వేలాడింది తన తాత నెత్తిమీద. దానికోసం పోట్లాడి బయటికి నడిచింది బావ. తనేమో కిందనించి తీర్మానం చదివాడు.

తలుపు దగ్గర అక్క నిలబడి ఉంది. ఆమె చూపు తన వీపు మీద ఎక్కడ ఆగిందో కూడా అతనికి తెలుస్తోంది.

"బావా..." అన్నాడు.

"సార్, చరిత్ర తర్వాత," అంది ఇంజనీరమ్మ. "ఎవరిదైతే వాళ్ళే అడగండి. టైలరు గారూ, మీదా? అడిగెయ్యండి."

"అడుగుతున్నాను," అన్నాడు దర్జీ వెంటనే. "పెద్దన్నా, ఈ దూలం మా ఇంటిది. దీని కింద ఊతం పెట్టమని నోరు తెరిచి అడుగుతున్నాను. మీరంతా ఔననండి."

ప్రెస్సాయన ఔనన్నాడు. మిగతావాళ్ళు గొణిగినట్టు ఔనన్నారు. బావ పైనుంచి, "ఔను, నాకింకా ఓటుంటే," అన్నాడు.

పెద్దన్న అనలేదు.

"నీది ఇది కాదు," అన్నాడు. "నీది మూడోది. నిరుడు నువ్వే నూనె పట్టించావు, నేను చూశాను."

"గుర్తు కనిపిస్తోంది కదా పెద్దన్నా!"

"అది నీదైతే గుమ్మం మీదది నాది కాదు."

"కాకపోతే ఏం? పక్కన ఇంకోటుంది కదా మీకు. ఎనిమిదీ ఒకటే."

"ఒకటి కాదురా."

పెద్దన్న తల ఎత్తాడు. గుమ్మం మీది దూలం అన్నిటికంటే నల్లగా, అన్నిటికంటే నున్నగా మెరుస్తోంది. "ఆఖరిసారి దానికి నూనె పట్టించింది మా అబ్బాయి. జ్వరంతోనే ఎక్కాడు. వద్దంటే వినలేదు. దిగేటప్పుడు నూనె చెయ్యి దానికి ఆనించి దిగాడు. అయిదు వేళ్ళూ పడ్డాయి. ఆ తర్వాత వారం... మీకు తెలుసు. నేను నూనె పట్టించేటప్పుడు ఆ మేర వదిలేసి పట్టిస్తాను. ఇప్పుడు అది గడియారాల వాళ్ళదంటే, రేపు అతనొచ్చి నూనె పట్టిస్తాడు. తన దూలమే కదా, పట్టించుకుంటాడు. నేను ఎందుకు ముట్టుకున్నావని అడగడానికి లేదు."

పైనుంచి బావ ఏదో అనబోయాడు.

అప్పుడే దూలం దిగింది.

పెద్ద చప్పుడేం కాలేదు. పాత మంచం మీద ఎవరో కూర్చున్నట్టు మూలిగింది, అంతే. గోడలోని కొస పిండిలా రాలి, ధూళి లేచింది. ధూళి తగ్గాక చూస్తే దూలం జానెడు కిందికొచ్చి నిచ్చెన కొనల మీద కూర్చుంది. నిచ్చెన కర్రలు రెండూ విల్లులా వంగాయి. బావ నిచ్చెనకి కరుచుకుపోయి ఉన్నాడు.

"ఎవరూ కదలకండి!" ఇంజనీరమ్మ కేక. "సార్, మీరు అసలు కదలకండి. దిగకండి. ఇప్పుడు ఆ నిచ్చెనే స్తంభం."

ఒట్టు తప్పిపోయింది. కప్పు కింద స్తంభం నిలబడింది. ఏడుగురూ ఔననకుండానే, దానంతటదే.

అక్క ఒక్క మాటా అనకుండా గబగబా వచ్చి నిచ్చెన మొదట్లో నేలమీద కూర్చుంది. రెండు పాదాలూ నిచ్చెన కాళ్ళకి అడ్డం తన్నిపెట్టింది.

"నువ్వు బయటికి పో," అన్నాడు బావ పైనుంచి.

"నేను లేస్తే ఇది జారుతుంది."

"బావమరిదీ! మీ అక్కని తీసుకెళ్ళు."

దర్జీ అక్క చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె చెయ్యి విదిలించింది. ఇన్నేళ్ళ తర్వాత తమ్ముడితో అన్న మొదటి మాట అది: "నన్ను కాదురా. ఆ ఇనపవి తీసుకురా."

ఇంజనీరమ్మ అప్పటికే తలుపు వైపు పరిగెత్తింది. పరిగెత్తి ఆగిపోయింది. పెద్దన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు, రెండు చేతులూ ద్వారబంధానికి రెండు పక్కలా పట్టించి.

"ముందు ఇది ఎవరిదో తేలాలి," అన్నాడు. "తేలకుండా ఒక్క ఇనపముక్క లోపలికి రాదు."

"తాతగారూ, పైన మనిషున్నాడు!"

"తెలుసు."

"జరగండి!"

"జరగలేనమ్మా."

ఆవిడ వెనక్కి తిరిగింది. "ఈయన్ని నేను ముట్టుకుంటే రేపు ఆఫీసామె ముసలాయన్ని తోసిందంటారు. మీవాళ్ళే ఎవరైనా జరపండి. త్వరగా!"

ప్రెస్సాయన నేలచూపులు చూశాడు. అతని పక్కాయన ఇంకో నేల చూశాడు. ఆ హాల్లో ఎవరూ ఎవరినీ ఎన్నడూ జరిపింది లేదు, జరపాల్సిన అవసరం రాకుండా కట్టిన హాలది. పెద్దన్న అందరి పెళ్ళిళ్ళకీ ముందు నడిచినవాడు. దర్జీ తండ్రి పోయినప్పుడు మూడు రాత్రులు పక్కన కూర్చున్నవాడు. కుట్టుమిషను కొనిపెట్టి, "తొక్కుకో, కాలు ఆగితే కడుపాగుతుంది," అన్నవాడు.

దర్జీ గుమ్మం దాకా నడిచాడు. కాళ్ళు తనవి కావనిపించింది. ఇవాళ ఎవరిది ఏదో ఎవరికీ తెలియడం లేదు.

"పెద్దన్నా," అన్నాడు. "ఆ దూలం మీదే. నేనన్నది తప్పు. గుర్తు లేదు, కత్తెర లేదు. ఎనిమిదీ మీవే. జరగండి."

"అబద్ధం చెప్పకు. నీకు రాదు."

"మీ కాళ్ళు పట్టుకుంటాను."

"పట్టుకున్నా కదలవురా అవి. కదలమని నేనూ చెబుతున్నాను వాటికి."

అప్పుడు దర్జీ ఆ మొహం దగ్గరగా చూశాడు. పెద్దన్న కళ్ళు అతన్ని చూడటం లేదు. అతని భుజం మీదుగా నిచ్చెన మీది మనిషిని చూస్తున్నాయి. కన్నీళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

ముసలాయన పెదాలు కదిలాయి. మాట దర్జీ ఒక్కడికే వినపడేంత చిన్నగా వచ్చింది.

"తోసెయ్యరా."

దర్జీకి అర్థం కాలేదు.

"నాకై నేను జరిగితే వాడి చెయ్యి నేనే చెరిపేసినట్టు. అది నా వల్ల కాదు. నువ్వు తోసెయ్. పడతాను. తోసెయ్ నాన్నా, ఆలస్యం చేయకు."

దర్జీ రెండు చేతులూ ఎత్తి పెద్దన్న ఛాతీ మీద పెట్టాడు. చొక్కా తను కుట్టిందే. దాని కింద ఎముకలు పుల్లల్లా తగిలాయి. ఓ మాదిరి గాలి చాలు. అతని చేతులకి ఆ గాలి కూడా లేదు. తొయ్యమని మెదడు చెబుతోంది, మోచేతుల దాకా వస్తోంది, అక్కడ ఆగిపోతోంది.

వెనక నిచ్చెన కర్ర నిలువునా చిట్లింది.

"ఒరేయ్ తమ్ముడూ!" అంది అక్క.